ఉప్పుపొదల గింజలు

నొరీన్ సంచి సర్దుతోంది. మందపాటి మేజోళ్ళు రెండు జతలు, గడ్డం గీసుకునే సామాను, ఉన్ని కోటు. ఆమె భర్త మెర్వ్ గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

"ఆ నీలం చొక్కా కూడా పెట్టు."

"గింజలు దూయడానికి వెళ్తున్నావా, పెళ్ళికి వెళ్తున్నావా?"

"మూడు రోజులు రోస్లిన్ పక్కన కూర్చోవాలి కదా! గొర్రెల కంపు కొడితే ఏం బాగుంటుంది?" అని నవ్వాడు.

నొరీన్ ఆ నీలం చొక్కాని ఉండలా చుట్టి సంచి అడుగున కుక్కింది.

మూడు రోజులు. ఆ ఇద్దరే. ఉత్తరాన ఎండు నేలల్లో ఉప్పుపొదలు గింజ పట్టాయట. వారం దాటితే గాలికి రాలిపోతాయట. రోస్లిన్ జీపులో వెళ్ళి బస్తాలు నింపుకొస్తే, ఈ చలికాలం మిగిలిన చవుడంతా పొదలు వేసుకోవచ్చు.

దిగువ చేను చవుడు పట్టి పదిహేనేళ్ళయింది. మెర్వ్ తండ్రి ఎగువన చెట్లన్నీ కొట్టించి గోధుమ వేశాడు. వాన నీళ్ళు తాగే వేళ్ళు లేక, భూమిలోని ఉప్పునీరు పైకి ఉబికింది. ముందు గోధుమ చచ్చింది. తరవాత గడ్డి చచ్చింది. చివరికి ఎండలో కళ్ళు చెదిరే తెల్లటి నేల మిగిలింది.

మూడేళ్ళ కిందట వ్యవసాయ శాఖ నుంచి రోస్లిన్ మొదటిసారి వచ్చిన రోజు మెర్వ్ ఇంట్లో లేడు. ఉన్ని వేలానికి పెర్త్ వెళ్ళాడు. ఆమె నొరీన్‌ని వెంటబెట్టుకుని చవుట్లోకి దిగింది. బూడిదరంగు ఆకొకటి ఇచ్చి నమలమంది.

"ఉప్పగా ఉందా? నేలలో ఉప్పు తాగి ఆకులో దాచుకుంటుంది ఈ గడుగ్గాయి. గొర్రెలు ఇష్టంగా తింటాయి. అడుగునున్న నీళ్ళు కిందికి దిగుతాయి. కాస్త ఓపిక పట్టు, పచ్చిక తనంతట తనే వస్తుంది."

పొద్దుపోయేదాకా ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని నూరు మొక్కలు నాటారు.

మెర్వ్ తిరిగొచ్చి పగలబడి నవ్వాడు. "ఈ తుప్పల కోసమా గోళ్ళు అరగదీసుకున్నావు ముసలీ?"

తుప్పల మధ్య పచ్చిక మొలిచాక ఆ నవ్వు ఆగింది. అప్పట్నుంచి రోస్లిన్ వస్తే చాలు, అతనే ఎదురెళ్ళేవాడు. చేను అతనిది, మాటా మంతీ అతనితోనే. ఇద్దరూ కంచె వెంట భుజాలు రాసుకుంటూ నడిచేవాళ్ళు. నొరీన్ వంటింటి కిటికీలోంచి చూస్తూ టీ కాచేది. బన్నులకి జామ్ పూసేది.

మెర్వ్ దగ్గర చెవిటి పొట్టేలు జోకు ఒకటుంది. నొరీన్ దాన్ని ఇరవై రెండేళ్ళుగా వింటోంది. రోస్లిన్ మాత్రం విన్న ప్రతిసారీ తల వెనక్కి వాల్చి నవ్వేది. ఆ నవ్వు వంటింట్లోకి వినబడేది. నొరీన్ కడుపులో నిప్పులు పోసినట్టుండేది.

ఫోన్ మోగింది. పక్క ఫారం షిర్లీ.

"మూడు రోజులట కదా! ఊరంతా చెవులు కొరుక్కుంటున్నారు. నేనైతే మా ఆయన్ని గడప దాటనివ్వను తల్లీ."

"నేను మాత్రం దాటనిస్తానా?" అని నొరీన్ ఫోన్ పెట్టేసింది.

పొద్దు వాలుతుండగా, కోళ్ళని మూసొస్తానని బయటికొచ్చి దిగువ చేలోకి నడిచింది. ఉప్పుపొదలు మేసే గొర్రె మామూలు గొర్రెకి రెండింతలు నీళ్ళు తాగుతుంది. ఆ సంగతి ఆమెకి చెప్పింది రోస్లినే. తొట్టికి నీళ్ళు తెచ్చే పైపు అతుకు విప్పింది. లోపల వంటింటి మసిగుడ్డ కుక్కింది. మళ్ళీ బిగించింది. వెనక్కి చూడకుండా వచ్చేసింది.

మర్నాడు రోస్లిన్ జీపు వాకిట్లో ఆగేసరికే గొర్రెల అరుపులు మిన్నంటుతున్నాయి. మెర్వ్ పరుగెత్తాడు. తొట్టిలో చుక్క లేదు. నాలుగు వందల గొర్రెలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. రెండు కూలబడిపోయాయి.

అతను చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చాడు.

"పైపు ఎక్కడో పూడిపోయింది. కిలోమీటరు పొడవునా తవ్వి చూడాలి. అందాకా ట్యాంకరుతో నీళ్ళు తోలాలి. నేను రాలేను రోస్లిన్. వచ్చే వారం పోదాం."

"వచ్చే వారానికి పొదల మీద ఒక్క గింజ ఉండదు మెర్వ్. బస్తా పట్టుకోడానికైనా నాకో మనిషి కావాలి."

టీ కప్పులు పట్టుకుని నొరీన్ అలాగే నిలబడిపోయింది. మెర్వ్ గడప దాటడం లేదు.

మెర్వ్ ఆమె వైపు తిరిగాడు. "మా ముసలిదాన్ని తీసుకుపో. పండిందేదో తాలేదో నాకన్నా దానికే బాగా తెలుసు."

"నేనా? నీకు వంటెవరు చేస్తారు?"

"మూడు రోజులు డబ్బా తిండి తింటే చచ్చిపోతానా? వెళ్ళవే!"

రోస్లిన్ జీపు తలుపు తెరిచి పట్టుకుంది.

గింజల బస్తాలు శనివారం రైలు పార్సిల్లో వచ్చాయి గానీ, ఇన్నాళ్ళూ మెర్వ్‌ని చూసి కుళ్ళుకున్న నొరీన్, 1987 ఏప్రిల్ 7, మంగళవారం ఉదయం రోస్లిన్ పక్కన కూర్చుని వెళ్ళాక మళ్ళీ ఎన్నడూ తిరిగి రాలేదు.