ఓయ్రిక్ వేసవి పాక

సర్వే సార్జెంట్ హెబ్డెన్ బురదలో మోకాలిదాకా దిగిపోయాడు. కాలు లాగిన కొద్దీ ఇంకా దిగుతోంది.

పొయ్యిలో కాల్చడానికి ఎండిన పీట్ మట్టిగడ్డలు మోసుకెళ్తున్న ఒక ముసలమ్మ బుట్ట దించి, చేతికర్ర అందించింది.

హెబ్డెన్ బయటికొచ్చాడు. ఎడమకాలి బూటు మాత్రం రాలేదు.

"పేరడక్కుండానే దిగావా నాయనా?"

"బురదకి కూడా పేరుంటుందా అవ్వా?"

"ఎందుకుండదు? ఇది ఫే. ఒంట్లో నరంలాగా అడుగున నీళ్లు పారే చోటు. ఆ మాట విన్నవాడెవడూ ఇందులో కాలు పెట్టడు."

హెబ్డెన్‌కి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ప్రభుత్వ పటం కోసం మా లోయలోని పేర్లన్నీ రాసుకోవడమే అతని ఉద్యోగం మరి. ఒంటి బూటుతోనే పుస్తకం తీశాడు.

"ఆ కొండ పేరేంటి?"

"మ్యౌల్ బుయీ. మా భాషలో మ్యౌల్ అంటే ముద్ద. బుయీ అంటే పసుపు."

"ముద్దలాగే ఉంది. పసుపేదీ?"

"అక్టోబరులో రా, గడ్డి పండాక కనిపిస్తుంది. మా పెద్దవాళ్లు నీలాగా ఒక్కపూట చూసి పేర్లు పెట్టలేదు," అని కొంటెగా నవ్వింది ముసలమ్మ.

అడిగిన కొద్దీ ఇంకా అడగాలనిపించింది అతనికి.

"ఆ గోధుమరంగు తుప్పల మధ్య ఒక్కచోటే అంత ఆకుపచ్చగా ఉందేం?"

ముసలమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఆరీ ఓయ్రిక్. అంటే ఓయ్రిక్ వేసవి పాక. ఎండాకాలం ఆవుల్ని తోలుకెళ్లి ఊరంతా అక్కడే ఉండేవాళ్లం. తాతల నాటి నుంచీ పేడ పడ్డ నేల, అందుకే ఆ పచ్చదనం. ఇది తప్పకుండా రాసుకో నాయనా. అక్కడ ఎవరూ ఎప్పుడూ మేపలేదంటున్నాడు ఎస్టేట్ మేనేజరు. కంచె వేసి జింకల వేటకి ఇచ్చేస్తాడట. ఆ పేరు పటంలో పడితే మా మేత మాకుంటుంది."

"ఓయ్రిక్ ఎవరు? ఎవరైనా రాణీగారా?"

"ఆవులు పితికే మనిషి."

"రుజువు కావాలవ్వా. నీకు సంతకం వచ్చా?"

"రాదు."

"అయితే నీ ఒక్క మాట చాలదు."

ముసలమ్మ బుట్ట ఎత్తుకుంది. మళ్లీ ఆ కొంటె నవ్వు వచ్చింది.

"రేపు మధ్యాహ్నం సత్రంలోనే ఉండు. ఆవిడ ఎక్కడ పుట్టిందో పాస్టరు గారితో కాగితం రాయించి, ఓయ్రిక్‌నే నీ ముందు నిలబెడతా. నీ బూటు దొరికితే అదీ తెస్తాలే."

మర్నాడు పొద్దున్నే సత్రం ముందు మేనేజరు బండి ఆగింది. దిగి హెబ్డెన్ పుస్తకం తిరగేశాడు.

"ఓయ్రిక్ ఏంటి సార్జెంట్? నా కౌలుదార్లలో ఆ పేరే లేదు. ఎవరు చెప్పారు?"

"సత్రంలో అడిగితే కమ్మరి భార్య అన్నారు. ముసలావిడ."

"ఆవిడా! ఆ కట్టుకథలు వింటూ కూర్చుంటే మీ పని తెమిలినట్టే. ఎక్కండి, మళ్లీ రెండ్రోజులు బండి లేదు."

హెబ్డెన్ రోడ్డు వైపు ఒకసారి చూశాడు. గొర్రెలు తప్ప ఎవరూ లేరు. ఆ పేరు కొట్టేసి బండెక్కాడు.

నాలుగేళ్లకి ఇంకో పని మీద మా వైపు వచ్చాడు. మేనేజరు అన్నంతా చేశాడు. కంచె పడింది, ఊళ్లో ఆవులు సగమయ్యాయి. కంచె అవతల ఆ ఒక్కచోటే నేల ఇంకా పచ్చగా ఉంది. చేతిలోని అచ్చుపటంలో అక్కడ ఏ పేరూ లేదు. హెబ్డెన్‌కి మనసు పీకింది. నేరుగా సత్రానికి వెళ్లాడు.

"అప్పుడు కమ్మరి భార్య ఓయ్రిక్‌ని ఇక్కడికి తెస్తానంది. తెచ్చిందా?"

సత్రం నడిపే షోనాక్ అతన్ని ఎగాదిగా చూసింది. లోపలికెళ్లి, శుభ్రంగా కడిగి కొవ్వు రాసిన ఎడమకాలి బూటొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది మీదేనా సారూ? ఆవిడే తెచ్చింది. చర్చికి వేసుకునే శాలువా కప్పుకుని, కాగితం ఒళ్లో పెట్టుకుని, ఆ బెంచీ మీద పొద్దుగూకేదాకా కూర్చుంది. పోయిన చలికాలంలో కన్నుమూసింది."

"మరి ఓయ్రిక్ రాలేదా?"

షోనాక్‌కి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"బురద పేరు కూడా అడిగి రాసుకున్నారట, ఆవిడ పేరు అడగలేదా సారూ? ఆ పాకలో పుట్టిన ఓయ్రిక్ ఆవిడే."