వేరు గిన్నె

మూడో ముద్ద నోట్లో పెట్టుకోగానే నువ్వుల షావుకారుకు నాలిక మీద చీమలు పాకినట్టయింది.

చేతిలోది వదిలేశాడు. పెదాలు ఉబ్బుతున్నాయి. మెడ మీద, చేతుల మీద ఎర్రగా దద్దుర్లు లేస్తున్నాయి. గోనెసంచి మూతి తాడేసి బిగించినట్టు గొంతు బిగుసుకుంది.

గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. “ఏం తిన్నారండీ?”

“ఏం తింటానయ్యా! ఇంటి నుంచి వచ్చిన క్యారియరే కదా!”

సాయంత్రానికి వాపు దిగింది. భయం మాత్రం దిగలేదు. ఇలా కావడం ఇది మూడోసారి. మొదటిసారి ఇంట్లో, తర్వాత రెండుసార్లూ కొట్లో. ఈ రోజూ మధ్యాహ్నం దాకా గుండ్రాయిలా ఉన్నాడు. లారీలోంచి దిగిన కొత్త బస్తాలు విప్పించి, అలవాటు ప్రకారం ఒక్కోదాంట్లోంచి చిటికెడు నమిలి చూసి, చెయ్యి కడుక్కుని క్యారియర్ ముందు కూర్చున్నాడు. కూర్చున్నాకే ఇదంతా.

జీవితమంతా తూకం ముందు కూర్చున్నవాడికి లెక్క తేల్చడం ఎంతసేపు? కోడలు కాపురానికి రాకముందు ఈ బాధ లేదు. వచ్చాక వచ్చింది. అదొక పద్దు. ఆమె ఆసుపత్రిలో నర్సు. మందులూ సూదులూ ఎప్పుడూ సంచీలోనే ఉంటాయి. అది రెండో పద్దు. అసలైనది మూడోది. కిందటిసారి ఒంట్లో బాగాలేకపోయిన మర్నాటి నుంచి ఆమె మామగారి వంట వేరే గిన్నెలో చేస్తోంది.

మొదట్లో మురిసిపోయాడు కూడా. “పెద్దవాణ్నని పథ్యం వండుతోందయ్యా, కూతురైనా ఇంత చూడదు,” అని గుమాస్తాతో చెప్పుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. పైగా ఆ గిన్నెలోని కూరకు వెనకటి వాసన లేదు. వాసన మారిందంటే సరుకు కల్తీ అయినట్టే. ఈ సంగతి ఆయనకు ఒకరు నేర్పాలా?

ఆ సాయంత్రమే వంటింటి గుమ్మం దగ్గర కొడుకు గొంతు వినిపించింది.

“ఖాయమయ్యేదాకా నాన్న దగ్గర ఎత్తకు. తెలిసిందంటే ఇల్లు పీకి పందిరేస్తాడు.”

“ఇంకోసారి వస్తే మనిషి తట్టుకోలేరండీ,” అంది కోడలు.

షావుకారు చప్పుడు కాకుండా వెనక్కి జరిగాడు. ఇంటి దొంగ ఒకరు కాదు, ఇద్దరు!

కాసేపటికి ఆమె ఏమీ ఎరగనట్టు వచ్చి అడిగింది. “మామయ్యా, క్యారియర్ విప్పే ముందు కొట్లో ఇంకేమైనా నోట్లో వేసుకున్నారా?”

నేరం కొట్టు మీదకి నెడుతోందన్నమాట! “ఏమీ లేదమ్మా. నువ్వు పెట్టిందే తిన్నాను.”

“ఒకసారి రక్తపరీక్ష చేయిద్దామా?”

“నా రక్తానికేం, నిక్షేపంలా ఉంది. లోపలికి పోతున్నదాని సంగతే చూసుకోవాలి.”

ఆ రాత్రి ఆయన ఆకలి లేదని రెండు పళ్లు తిని పడుకున్నాడు. పడుకున్నాడే గానీ కన్ను మూతపడలేదు. పోలీసుల దగ్గరికి వెళ్తే పరువు బజారుపాలు. నిలదీస్తే సాక్ష్యం లేదు. ఊరుకుంటే ప్రాణం పోతుంది.

బేరంలో ఆయనకొక సూత్రం ఉంది. అమ్మేవాడు ముందుకు తోసిన బస్తా కొనకూడదు. వాడు తనకోసం వెనక్కి పెట్టుకున్నది అడగాలి.

ఆదివారం కొడుకు ఊళ్లో లేడు. మామా కోడలూ ఇద్దరే భోజనానికి కూర్చున్నారు. ఆమె ఆయన కంచంలోకి చిన్న గిన్నెలోంచి, తన కంచంలోకి పెద్ద గిన్నెలోంచి వడ్డించింది. చూడ్డానికి రెండూ ఒకటే కూర. ఆమె మంచినీళ్లకని లోపలికి వెళ్లగానే షావుకారు రెండు కంచాలూ మార్చేశాడు.

చంపే ఉద్దేశం ఆయనకు లేదు. ఆమె మొహంలో రంగు మారగానే కంచం లాగేద్దామనుకున్నాడు.

ఆమె ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద. ఆయన ఆమె పెదాల మీంచి చూపు తిప్పకుండానే తానూ తిన్నాడు. ఎన్నాళ్లకు కూర కూరలా ఉంది! ఆ వెనకటి వాసన, ఆ వెనకటి రుచి. ఆబగా నాలుగు ముద్దలు లాగించాడు.

“చప్పగా ఉందేమిటివాళ?” అని గొణుక్కుంది కోడలు.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తన కంచం చూసుకుంది. ఆయన కంచం చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మామయ్యా, తినకండి!”

దొరికింది దొంగ! గట్టిగా నవ్వబోయాడు. నవ్వు గొంతులోనే చిక్కుకుంది. నాలిక మీద చీమలు. పెదాలు, కనురెప్పలు ఉబ్బుకొస్తున్నాయి. ఈసారి గోనెసంచి మూతి మరీ బిగిసిపోయింది. గాలి పోవడం లేదు. కుర్చీలోంచి జారి నేల మీద పడ్డాడు.

కోడలు లోపలికి పరుగెత్తింది. వచ్చేటప్పుడు చేతిలో సూది ఉంది.

ఆఖరి దెబ్బ కొట్టడానికొస్తోంది. తోసెయ్యాలని చెయ్యి ఎత్తాడు. చెయ్యి లేవలేదు. పంచె మీంచే తొడలో సూది దిగింది. అయిపోయింది, అనుకుని కళ్లు మూసుకున్నాడు.

గుండె దడదడ కొట్టుకుంది. కాసేపటికి సన్నగా, ఈల వేసినట్టు, ఒక ఊపిరి లోపలికి పోయింది. ఆ వెనకే ఇంకొకటి. కళ్లు తెరిచాడు. ఆమె ఒక చేత్తో ఆయన నాడి పట్టుకుని, రెండో చేత్తో ఫోనులో అంబులెన్సుకు ఇంటి గుర్తులు చెబుతోంది. చెంపల మీద నీళ్లు.

“ఇప్పటికైనా... నిజం చెప్పమ్మా,” అన్నాడు కూడబలుక్కుని. “రెండు కంచాల్లోనూ... ఏం కలిపావు?”

“మీకు పడనివి ఆ నువ్వులేనేమోనని అనుమానం వచ్చినప్పటి నుంచి మామయ్యా, ఈ ఇంట్లో మన కొట్టు నువ్వుల నూనె చుక్కైనా తగలనిది మీ గిన్నె ఒక్కటే!”