చొక్కా వదలండి!

"ఇంత మెల్లగానా! ఇలాగైతే వాకర్ రాయక తప్పదు అంకుల్," అంది లాప్‌టాప్‌లోంచి ఫిజియో వాసవి.

శ్రీరాములుకి పార్కిన్సన్స్ వచ్చి రెండేళ్ళు. వాసవి ఉండేది టొరంటోలో, ఈయన నాలుగైదు గంటల ప్రయాణదూరంలో, కనాటా అనే ఊళ్ళో. అందుకే పరీక్షంతా వీడియోలోనే. వేళ్ళాడించమంటే ఆడించాడు, కుర్చీలోంచి చేతులానకుండా లేవమంటే లేచాడు. నడక దగ్గరే వచ్చింది తంటా.

"వాకరా! తోపుడుబండి తోసుకు తిరగడానికి నేనేమైనా కూరలమ్ముతున్నానా?" అన్నాడాయన.

ఆయన భుజం వెనకనుంచి భార్య కనకదుర్గ తల బయటపెట్టింది. "అలా రాసేయకమ్మా. ఇంకోసారి చూడు. నేనున్నాగా, పడనిస్తానా!"

"పక్కన ఉండండి ఆంటీ, పట్టుకోవద్దు. పట్టుకుంటే పరీక్ష చెల్లదు."

"రామ రామ! పట్టుకోవడమేంటమ్మా!"

పెరట్లోకి తెరుచుకునే అద్దాల పేషియో డోర్ దగ్గర్నుంచి మళ్ళీ నడక మొదలైంది. శ్రీరాములు వెనక్కి ఓ చూపు చూసి, అడుగులో అడుగేసుకుంటూ బయల్దేరాడు. వాసవి టైము చూసి పెదవి విరిచింది. అంతలో, బయట చీకటిపడ్డ ఆ డోర్ అద్దంలో ఆంటీ వీపూ, ఆవిడ పిడికిట్లో అంకుల్ చొక్కా కనబడ్డాయి.

"ఆంటీ! చొక్కా వదలండి!"

దొంగ దొరికిపోయింది. "వదిలితే ముక్కు పగులుతుందే తల్లీ! ఏడాదిగా నేను పట్టుకోబట్టే ఈ మనిషి నిలబడున్నాడు. ఏదో నేను గుండ్రాయిలా ఉన్నాను కాబట్టి సరిపోయింది," అంటూ వదిలి, "అమ్మయ్యో" అని సోఫాలో కూలబడింది.

"ఇప్పుడు ఒక్కరే రండి అంకుల్. తూలితే సోఫా పక్కనే ఉందిగా, పట్టుకోండి."

శ్రీరాములు చొక్కా సర్దుకున్నాడు. టకటకా నడిచొచ్చి లాప్‌టాప్ ముందు నిలబడ్డాడు. వాసవి నోరెళ్ళబెట్టింది.

"అంకుల్! మీకు వాకరెందుకూ? రోజూ ఇలాగే నడవండి చాలు!"

కనకదుర్గకి సంతోషమూ ఒళ్ళుమంటా ఒక్కసారే వచ్చాయి. "ఇంత నడక పెట్టుకుని ఏడాదిగా నత్తలా ఈడుస్తున్నారా? నన్ను వెనకాల తిప్పుకోవడం మీకంత సరదాగా ఉందా?"

శ్రీరాములు ఆవిడ దగ్గరికెళ్ళి, వెనక్కి తిరిగి, చొక్కా చివర చేతికందేలా నిలబడ్డాడు.

"నీ మోకాళ్ళకని చేతికర్ర కొనిస్తే విసిరికొట్టావుగా దుర్గా! నా చొక్కా అయితే వదలకుండా పట్టుకుంటున్నావు."