ముందు బ్రేకులు

అడక్కుండా కారెక్కి కూర్చుని, ఎవరో పెద్దాయన బ్రేకు తొక్కుతున్నాడు.

లేత్ షాపులో పని ముగించుకుని షెడ్డుకొచ్చిన మేస్త్రికి ఒళ్లు మండింది. మూడేళ్లు నోరు కట్టుకుని కొన్న పాత కారది. ఊరవతలి రేసు ట్రాక్ మీద పరిగెత్తించాలని ఒక్కో నట్టూ విప్పి మళ్లీ కడుతున్నాడు.

"ఎవరండీ మీరు? ముందు దిగండి!"

పెద్దాయన కంగారు పడలేదు. "పక్క షాపులో గేటు వెల్డింగుకిచ్చాను. ఆలస్యమవుతుందన్నారు. కారు కనపడేసరికి కాళ్లు ఇటు లాగాయి," అంటూ దిగాడు. "బ్రేకు మెత్తగా ఉంది బాబూ."

"తెలుసు."

"మరి ముందు ఏం మారుస్తున్నావు?"

ఆ ప్రశ్నంటే మేస్త్రికి ప్రాణం. కోపం సగం దిగింది. బల్ల మీది కాగితం తీసి చూపించాడు.

"కంపెనీ ఇచ్చిన చిన్న టర్బో పీకేసి పెద్దది వేస్తున్నా. ఇంజిన్‌లోకి గాలి దండిగా దూరుతుంది. బలం ఇప్పుడున్నదానికి ఒకటిన్నర రెట్లు!"

పెద్దాయన కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఇందులో బ్రేకులు ఎక్కడా లేవే?"

"చేతిలో ఉన్న డబ్బుకి ఏదో ఒకటే వస్తుందండీ. అవి వచ్చే ఏడాది."

"తలకిందులుగా రాశావు. ఇంజిన్‌ని అలాగే ఉండనీ. ముందు పెద్ద డిస్కులు, మంచి ప్యాడ్లు, వేడికి మరగని బ్రేకు ఆయిలు. తర్వాత సీటు, బెల్టు. తర్వాత టైర్లు. ఏమన్నా మిగిలితే అప్పుడు టర్బో."

"అంతకంటే సైకిలు కొనుక్కుంటే పోలా?"

పెద్దాయన నవ్వలేదు.

"ఇంతకీ మీరెప్పుడైనా ట్రాక్ కారు కట్టారా?"

పెద్దాయన కాగితం బల్ల మీద పెట్టేశాడు. చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

మేస్త్రి ఆయనకి 'బ్రేకులాయన' అని పేరు పెట్టి, మర్నాడు లేత్ షాపులో అందరికీ చెప్పి నవ్వించాడు.

వారం తిరక్కుండా బ్రేకులాయన మళ్లీ వచ్చాడు. ఈసారి గేటు ఊసే ఎత్తలేదు. అప్పటికే ఇంజిన్ పక్కన పెద్ద టర్బో మెరుస్తోంది.

"ఆ ట్రాక్ నాకు తెలుసు బాబూ. పొడుగు దారి చివర కుడి మలుపుంది. నాలుగు రౌండ్లు కొట్టేసరికి బ్రేకులు కాగిపోయి ఉంటాయి. అప్పుడు పెడలు తొక్కితే..."

"మీకు భయమైతే ఇంట్లో కూర్చోండి. పనికి అడ్డం రాకండి."

"పెద్దాయనతో అవేం మాటలన్నయ్యా?"

కారు కింద నుంచి మేస్త్రి చెల్లెలు పాక్కుంటూ బయటికొచ్చింది. మొహం నిండా గ్రీజు.

"ఏమీ అనుకోకండి. మా అన్నయ్యకి ఇంజిన్ మోత తప్ప ఇంకేమీ వినపడదు."

పెద్దాయన ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. "నడిపేది... నువ్వా అమ్మా?"

"నేనేనండీ. అన్నయ్య కడతాడు, నేను తోలతాను."

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. షెడ్డు తలుపు దాటి గబగబా నడిచి వెళ్లిపోయాడు.

మళ్లీ ఆ వీధిలో కనపడలేదు.

"ఆయన చెప్పింది కాస్త ఆలోచించకూడదా?" అంది చెల్లెలు.

"ముందు ఒక్క రౌండు కొట్టు. ఆ స్పీడు రుచి చూశాక బ్రేకుల ఊసే వద్దంటావు."

నెలన్నరకి కారు ట్రాకెక్కింది. మొదటి మూడు రౌండ్లూ మేస్త్రి కాళ్లు నేల మీద నిలవలేదు. పొడుగు దారిలో చెల్లెలు ముందున్న కార్లని ఒక్క ఊపున దాటేస్తోంది.

నాలుగో రౌండు. దారి చివర కారు బ్రేకు లైట్లు వెలిగాయి.

వెలుగుతూనే ఉన్నాయి. కారు వేగం మాత్రం తగ్గలేదు.

"ఆపవే! ఆపు!" కంచె పట్టుకుని అరిచాడు.

కారు మలుపు తిరక్కుండా తిన్నగా వెళ్లి ఎదురుగా ఉన్న అడ్డుకి గుద్దుకుంది.

చెల్లెలు బతికింది. భుజం విరిగింది, రెండు పక్కటెముకలు చిట్లాయి. ఆస్పత్రి మంచం మీద కళ్లు తెరిచి ఒకటే మాట అంది.

"తొక్కానన్నయ్యా... కాలి కింద ఏమీ లేదు."

ఆ మాట మేస్త్రిని వదల్లేదు. లేత్ ముందు నిలబడ్డా, కంచం ముందు కూర్చున్నా కుడికాలు దానంతటదే నేలని తొక్కేది. రోడ్డు మీద ఏ బండికి ఎర్రలైటు వెలిగినా ఒళ్లంతా చెమటలు పట్టేవి.

పెద్దాయన కాళ్ల మీద పడాలనుకున్నాడు. వెల్డింగు షాపులో అడిగాడు.

"గేటు ఇక్కడే పడి ఉంది. ఆయన మళ్లీ రాలేదు," అన్నారు వాళ్లు.

మూడో వారం కారు తుక్కు తెచ్చుకోవడానికి ట్రాక్‌కి వెళ్లాడు. వాచ్‌మన్ అతన్ని మలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ పాత టైర్లు మూడు వరసల మందాన, మనిషెత్తు పేర్చి ఉన్నాయి. ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉన్నాయి. మధ్యలో కారంత గుంట.

"ఇవి ఉండబట్టి బతికింది బాబూ మీ చెల్లెలు. మొన్నమొన్నటిదాకా ఇక్కడ ఒట్టి కాంక్రీటు గోడే."

"ఎవరు పెట్టించారు?"

"ఓ పెద్దాయన. ఉన్నట్టుండి వచ్చి మా మేనేజరు కాళ్లావేళ్లా పడి ఒప్పించుకున్నాడు. ఎక్కడెక్కడివో టైర్లు మోసుకొచ్చి, నెల రోజులు ఎండలో ఒక్కడే పేర్చాడు. ఎందుకయ్యా ఇంత తొందరంటే, 'ఒకమ్మాయి వస్తుంది' అనేవాడు."

"ఆయన ఎక్కడుంటారు?"

"ఇంకెక్కడ! ఆఖరి బోల్టు బిగించి ఇదిగో, ఈ నీడలోనే కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. మీరు కారు తెచ్చిన రోజుకి మూడు రోజుల ముందు."

మేస్త్రి ఒక టైరు మీద చెయ్యి ఆనించాడు. ఎండకి చుర్రుమంది. తియ్యలేదు.

"ఆయనెవరో కూడా మాకు తెలీదు..."

"మా అందరికీ తెలుసు," అన్నాడు వాచ్‌మన్ మెల్లగా. "తొమ్మిదేళ్ల కింద ఈ గోడకే గుద్దుకుని పోయిన పిల్లకి తండ్రి. ఆ పిల్ల కారుకి పెద్ద టర్బో బిగించింది ఆయనే."