కుర్చీ దొంగ

“జాగ్రత్త సాల్! కుర్చీ మాయమైపోగలదు!” మెట్ల మీంచి అరిచింది డెల్లా.

డెబ్భై ఆరేళ్ల సాల్ పార నేలకి ఆనించి నవ్వాడు. సముద్రం ఒడ్డునున్న విన్‌త్రోప్ ఊళ్లో మంచు పడ్డ ప్రతిసారీ ఎదురింటి డెల్లా కారుకి చోటు తవ్వేది అతనే. తవ్విన చోట కుర్చీ వేస్తే ఇక అక్కడ ఇంకొకరు కారు పెట్టకూడదు. ఆ కుర్చీని కదిపినవాడికి ఊళ్లో పరువుండదు.

“నలభై ఏడేళ్లయింది. ఇంకా వదలవా?”

“ఎలా వదుల్తాను? అప్పుడు పోయింది మా అమ్మ ఇచ్చిన నాలుగు కుర్చీల్లో ఒకటి. ఒక్కోదానికి ఎనిమిది ఇత్తడి మేకులు. పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో వచ్చిన మంచు తుఫానులో మా ఆయన హైవే మీద చిక్కుకుపోతే, ఆయన కారుకని నువ్వు చోటు తవ్వావు, నేను కుర్చీ వేశాను. తెల్లారేసరికి లేదు. వీధిలో అప్పుడున్న మగాడివి నువ్వొక్కడివే!”

“ఆ వారమంతా మా ఇంట్లో తిని, మా మీదే నింద!”

“ఊరికే తిన్నానా? రోజూ మీ పొయ్యి నేనే కదా శుభ్రం చేశాను!”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తుఫాను వారం కరెంటు లేదు. సముద్రం గోడ దాటి వీధిలోకి వచ్చేసింది. సాల్ వాళ్లమ్మ వంటింట్లో కట్టెల పొయ్యి చుట్టూ అందరూ ముడుచుకుని కూర్చునేవారు, డెల్లా ఒళ్లో ఆమె పదిరోజుల కూతురు నోరీన్. ఎంత చలో అంత కబుర్లు. అలాంటి రోజులు మళ్లీ రాలేదని ఇద్దరికీ బెంగే.

“రేపు ఫ్లోరిడా వెళ్తే ఇక రావన్నమాట,” అంది డెల్లా. “ఈ వీధిలో నేనింకెవర్ని తిట్టుకోను?”

సాల్ టోపీ తీశాడు. ఈ బరువు మోసుకుని వెళ్లడం అతనివల్ల కాలేదు.

“కుర్చీ తీసింది నేనే డెల్లా. బేస్‌మెంట్లోకి నీళ్లొచ్చి కట్టెలన్నీ నానిపోయాయి. పాప పెదాలు నీలంగా అయిపోయాయి. నువ్వు అలిసిపోయి నిద్రపోతున్నావు. విరిచి పొయ్యిలో పెట్టేశాను. మర్నాడు నువ్వు మీ అమ్మని తలుచుకుని ఏడుస్తుంటే చెప్పడానికి నోరు రాలేదు.”

డెల్లా లోపలికెళ్లి తలుపేసుకుంది.

సాల్ ఇన్నేళ్ల స్నేహాన్ని ఆఖరి రోజున చేజేతులా పాడుచేసుకున్నాననుకున్నాడు. పార భుజాన వేసుకుని ఇంటివైపు తిరిగాడు.

“ఆగు!”

డెల్లా గుండీల డబ్బాతో వచ్చింది. “చెయ్యి పట్టు,” అంటూ అడుగున ఉన్న చిన్న గుడ్డమూట విప్పి అతని అరచేతిలో కుమ్మరించింది.

మసిబారిన ఇత్తడి మేకులు, సరిగ్గా ఎనిమిది.