గొంతుపెట్టె

వంటింటి గోడకు సర్కారువాళ్లు గొంతుపెట్టె బిగించి ఏడాదైంది. పిల్లల మీద తల్లి గొంతు హెచ్చితే అందులో ఎర్రదీపం వెలుగుతుంది. మూడోసారి వెలిగితే పిల్లకు బడిలో సీటు ఉండదు. కోటేశ్వరి ఇంట్లో ఇప్పటికే రెండుసార్లు వెలిగింది. ఏడో తరగతిలోనే బడి మానేసిన కోటేశ్వరికి, కూతురు జోషితకు కూడా ఆ గతి పడుతుందేమోనని ఒకటే గుబులు.

పెట్టెకు మాటలతో పనిలేదని, గొంతే పట్టుకుంటుందని వీధిలో తల్లులంతా ఎప్పుడో కనిపెట్టారు. అందుకే ఆ ఉదయం జోషిత పాలు ఒలకబోసినా కోటేశ్వరి కేకెయ్యలేదు. ఓపిక కూడదీసుకుని జోలపాట రాగం తీసింది.

"లాలీ లాలీ, వీపు చిట్లగొడతానే తల్లీ, గుడ్డ తెచ్చి తుడవ్వే తల్లీ..."

దీపం వెలగలేదు. పిల్ల బిక్కుబిక్కుమంటూ తుడిచింది.

"ఇంత సంగీతం వచ్చని పెళ్లిచూపుల్లో చెప్పలేదేమే," అంది అత్త మంగాయమ్మ.

"అప్పుడు రాదత్తా. మీ మనవరాలే నేర్పింది."

మధ్యాహ్నానికి జోషిత ఒళ్లు వెచ్చబడింది. కోటేశ్వరి పిల్లను ఒళ్లో వేసుకుని, జుట్టు నిమురుతూ, మెల్లగా జోల ఎత్తుకుంది.

జోషిత ఉలిక్కిపడి లేచి, గోడకు నక్కింది.

"నేనేం చెయ్యలేదమ్మా," అంది ఏడుస్తూ.