అరువు చేతులు

“అది పిండి ముద్దండీ, పాత దుప్పటి కాదు! అలా బాదకండి!”

ఆవిడ అరిచినా ఆయన చేతులు ఆగలేదు. లాక్కుని తనే పిసుకుదామంటే ఆవిడకు చేతులెక్కడివి? మొన్న మెట్ల మీద జారి రెండు మణికట్లూ విరగ్గొట్టుకుంది. మోచేతుల దాకా కట్లు.

సరిగ్గా ఇవాళే హోటల్ పెద్ద వంటావిడ ఇంటికొచ్చి చైనా ఆవిరి బన్నులు రుచి చూస్తానంది. నచ్చితే ఉద్యోగం. లేదంటే ఇంకొకరింటికి వెళ్తుంది. ఏడాది పాటు ఇరుగుపొరుగు పొట్టల మీద ప్రయోగాలు చేసి సాధించిన విద్య, తీరా సమయానికి మొగుడి చేతుల్లో పడింది. అవేమో లారీ టైర్లు విప్పిన చేతులాయె! గ్యారేజీ మూసేశాక రెండు నెలలుగా ఖాళీ.

“అరచేత్తో ముందుకు తోయండి. మడవండి. కాస్త తిప్పండి. మళ్లీ తొయ్యండి.”

“తోస్తున్నానుగా! ఊపిరి తీసుకోనీవే తల్లీ.”

పిండి పొంగింది. కూర పెట్టి, అంచులు మడతలుగా మూయాలి.

“చీర కుచ్చిళ్లు పెట్టినట్టు, చిన్నచిన్నగా.”

“నేనెప్పుడు కట్టాను చీర?”

మొదటిది పగిలింది. రెండోది మూతి వంకర. ఆవిడకు ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకునే దిక్కూ లేదు. ఆయనే పిండి చేత్తో తుడిచాడు. ముఖమంతా పిండయింది. నాలుగోదానికి మాత్రం మడతలు ముచ్చటగా కుదిరాయి. ఆయన వేళ్లకు దారి తెలిసినట్టుంది.

బన్నులన్నీ ఆవిరి గిన్నెలో ఉడికాక, మంట ఆపగానే ఆయన మూత మీద చెయ్యి వేశాడు.

“అయ్యయ్యో, తీయకండి! ఇప్పుడే తీస్తే అణిగిపోతాయి!” ఆవిడ మోచేత్తో ఆయన్ని పక్కకు నెట్టింది.

అంతలో పెద్ద వంటావిడ రానే వచ్చింది. కాసేపాగి మూత తీస్తే, తెల్లగా, బూరెబుగ్గల్లా పన్నెండు బన్నులు! ఒకటి తుంచింది, నొక్కింది, నోట్లో వేసుకుంది. వెంటనే రెండోది తీసుకుంది.

“ఇంత బాగా ఎవరు చేశారమ్మా?”

“ఆయనేనండీ. పక్కన నిలబడి చెప్పిందంతా నేనే. నెల తిరిగేసరికి కట్లు విప్పేస్తారు, వెంటనే పనిలో చేరిపోతాను.”

“నెలా? నాకు రేపటికే మనిషి కావాలి తల్లీ.” పెద్ద వంటావిడ ఆయన వైపు తిరిగింది. “పోనీ, మీరొస్తారా?”

‘కుదరదండీ, ఈ పని మా ఆవిడది’ అని ఆయన ఎప్పుడంటాడా అని భార్య ఆయన నోటివంకే చూస్తూ నిలబడింది.

ఆయన చేతులు తుడుచుకున్నాడు. భార్య వైపు చూడలేదు.

“పొద్దున ఎన్నింటికి రమ్మంటారండీ?”